బొమ్మ ఆపి చెప్పే పాఠం

మొన్న ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలోని మా అక్క ఇంటికి వెళ్ళాను. పదకొండేళ్ళ మేనల్లుడు తొలి నలుగురు ఖలీఫాల పేర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. సంతోషించి, "మదీనా ఎక్కడుందిరా?" అని అడిగాను. నీళ్ళు నమిలాడు. మరుక్షణమే, "మామూ, ఎర్తుగ్రుల్ కత్తియుద్ధం చూస్తావా?" అంటూ ఫోను తెచ్చాడు.

2014-19 మధ్య వచ్చిన తుర్కీ ధారావాహిక అది. ఎర్తుగ్రుల్ ఒట్టోమన్ రాజ్యస్థాపకుడి తండ్రి. ఆయన జీవితానికి సమకాలీన ఆధారాలు బహుస్వల్పం; తెరమీది కథలో చాలాభాగం కల్పనే. మావాడికి మాత్రం అదే చరిత్ర. పేర్లు వల్లె వేయించి మనం వదిలేసిన ఖాళీని ఎవరో బొమ్మలతో నింపారు.

కనుక మనమే బొమ్మలతో చెప్పాలంటాను. "మన మతంలో బొమ్మలేమిటి?" అనే పెద్దల సంకోచాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ ఆ సంకోచాన్ని గౌరవిస్తూనే ముస్తఫా అక్కాద్ 1976లో 'ది మెసేజ్' తీశాడు. అందులో ప్రవక్త రూపమూ కనిపించదు, గొంతూ వినిపించదు. ఎదుటివారు కెమెరా వైపు చూసి మాట్లాడతారు. పైగా బొమ్మ అంటే మనిషి బొమ్మే కానక్కరలేదు. ఒక పటం చాలదూ?

ఆ సాయంత్రం పటం తెరిచాను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి సుమారు 50 కిలోమీటర్లు. మక్కా నుంచి మదీనాకు 400 పైమాటే. "మన దారికి ఎనిమిదింతలు, ఎడారిలో, ఒంటెలమీద" అన్నాను. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. వలస అంటే తెలియాలని కొల్లేటి పక్షుల వీడియో కూడా చూపించాను.

"అయితే వాళ్ళూ చలికాలమని వెళ్ళారా మామూ?"

వీడియో ఆపాను. పక్షులు ఋతువును బట్టి వస్తాయి, పోతాయి. 622లో ముస్లింలు వేధింపులు భరించలేక పుట్టిన ఊరు విడిచారని చెప్పాను. బొమ్మ ప్రశ్నను పుట్టిస్తుంది. జవాబు చెప్పడానికి పక్కన పెద్దవాళ్ళుండాలి. పిల్లల చేతికి ఫోనిచ్చి వంటింట్లోకి పోతే అది పాఠం కాదు.

"మరి జనం ప్రవక్త దగ్గర దాచుకున్న సొమ్ములు?" అన్నాడు మా అక్క అందించిన మాటతో.

అవి ఎవరివి వారికి అప్పగించడానికి ఒక యువకుడు ప్రాణాలకు తెగించి మక్కాలోనే ఉండిపోయాడని సీరా గ్రంథాలు చెబుతాయి. ఆయన అలీ.

"నాలుగో పేరు!" అన్నాడు మావాడు.