చెప్పకండి, కంగారు పడతారు

ఇంట్లో ఒకరికి జబ్బు చేసినా, అప్పు పెరిగినా, మనిషి పోయినా మనవాళ్ల నోట ముందు వచ్చే మాట, 'పిల్లలకు చెప్పకండి, కంగారు పడతారు.' అనేవాళ్లంతా మంచివాళ్లే, పిల్లల మేలు కోరే అంటారు. అయినా అది తప్పుడు సలహా అంటాను. ఊరి ఉత్తరాలు చూసిన మనిషిగా అంటాను, ముగ్గురు పిల్లల తల్లిగానూ అంటాను.

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో నేను బ్రాంచి పోస్టుమాస్టర్‌ని. 1994లో చేరినప్పుడు ఈడీ బీపీఎం అనేవారు, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. పేరు పెరిగింది, బల్లా కుర్చీ అవే. మా పెద్దవాడికి డల్లాస్ దగ్గర ఉద్యోగం. అమ్మాయిది హైదరాబాద్ నిజాంపేటలో కాపురం, బ్యాంకులో పని. పదేళ్ల ఎడంతో పుట్టిన చిన్నవాడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి పాలు కాచేసి, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పెద్దవాళ్లిద్దరికీ పంపుతాను. డల్లాస్‌లో అప్పుడు శనివారం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలమైతే ఏడున్నర. మొన్నటి కబురు ఇదీ: "నాన్నకి పరగడుపు షుగర్ 168 వచ్చింది. పెళ్లివారింటి నుంచి వచ్చిన కాజాలు నాకు తెలియకుండా తిన్నారు. కొబ్బరి తోటలో దింపు అయింది. తెల్లదోమ పట్టి కాయ చిన్నబడింది. వెయ్యి కాయలకు వర్తకుడు చెప్పిన రేటు నచ్చక నాన్న ఇవ్వనన్నారు, ఆ కాయలన్నీ ఇప్పుడు మన వసారాలో ఉన్నాయి, నాకు కూర్చోడానికి చోటు లేదు. గేదె ఈనింది, పెయ్యదూడ. నాన్నమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, నల్లద్దాలు పెట్టుకుని సినిమా హీరోలా వీధరుగు మీద కూర్చుంటోంది. తోట మీద లోనుకి ఈ నెల వాయిదా కట్టాం. ఎదురింటి పిన్నిగారికి బాగాలేదు, మొన్న భీమవరం తీసుకెళ్లారు, లాభం లేదన్నారు." హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి చిన్నవాడికి ఇదే కబురు ఇన్‌లాండ్ లెటర్ మీద రాస్తాను. వాడికి దూడ సంగతి ఇంకో రెండు లైన్లు ఎక్కువ.

నెహ్రూ 1928లో అలహాబాదు నుంచి ముస్సోరీలో ఉన్న పదేళ్ల కూతురికి ఉత్తరాలు రాశారు. భూమి ఎలా ఏర్పడింది, మనిషి ఎలా వచ్చాడు అని. గొప్ప ఉత్తరాలే. తండ్రులు అలా లోకం సంగతి రాస్తారు. దూడ పుట్టిన సంగతి రాయాల్సింది తల్లులేనని నేను చాలాకాలం కిందటే ఒప్పేసుకున్నాను.

నేను చేరిన కొత్తలో ఊళ్లో చదువురాని తల్లులు నా చేతే ఉత్తరాలు రాయించేవారు. 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టించి, ఇక్కడ మేమంతా క్షేమం అని చెప్పించి, రెండో మడతకి వచ్చేసరికి చెట్టు మీద నుంచి పడి తమ్ముడి కాలు విరిగిందని రాయించేవారు. క్షేమం ఏమిటి, కాలు విరగడం ఏమిటని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు నయం. మొదటి లైను మర్యాద కోసం, మిగతా ఉత్తరం నిజం కోసం. ఈరోజుల్లో వీడియో కాల్‌లో మొహం చూపిస్తూ, మొదటి లైనుతోనే ఆపేస్తున్నాం.

చెడ్డ కబురంటే అప్పట్లో టెలిగ్రాం. పాలకొల్లు నుంచి మనిషి సైకిల్ మీద వస్తున్నాడంటేనే, కాగితం విప్పకముందే, ఆ వీధిలో ఏడుపు మొదలయ్యేది. ఆ టెలిగ్రాం 2013 జులైలో పోయింది. దాంతోపాటు చెడ్డ కబురు చెప్పే అలవాటు కూడా పోయినట్టుంది.

దాచడం వల్ల ఏమవుతుందో మా ఊళ్లోనే చూశాను. మా ఊరి నుంచీ, నరసాపురం, కోనసీమ వైపు నుంచీ ఆడవాళ్లు కువైట్, మస్కట్, ఖతర్ వెళ్లి ఇంటిపని చేస్తారు. ఒకామె ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి కువైట్ వెళ్లింది. రెండో ఏడు ఆ తల్లి పోయింది. చెబితే పని మానేసి వచ్చేస్తుంది, కాంట్రాక్టు మధ్యలో వస్తే టికెట్ డబ్బులు మనమే పెట్టుకోవాలి, అప్పు అలాగే ఉంది అని అన్నదమ్ములు చెప్పకూడదని తీర్మానించారు. శుక్రవారం ఆమె ఫోన్ చేసేది. ఒకసారి అమ్మ పడుకుంది, ఒకసారి అన్నవరం వెళ్లింది, ఒకసారి చెవి వినపడటం లేదు. పెద్దవాళ్లు చెబితే అనుమానిస్తుందని ఫోన్ పిల్లాడికి ఇచ్చేవారు. పదేళ్ల పిల్లాడు కన్నతల్లితో వారం వారం, "అమ్మమ్మ పడుకుందమ్మా" అని చెప్పేవాడు. "మీరు కూడా నోరు జారకండమ్మా" అని నాకూ చెప్పారు. నాకు ఆమె ఫోన్ నంబరు తెలియదు, ఆమె ఉత్తరం రాయలేదు. లేకపోతే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఆమె వచ్చింది. యాక్స్ ఆయిల్ సీసాలు, టైగర్ బామ్, ఇంత మందాన ఉండే కువైట్ దుప్పటి, అది వాళ్లమ్మకి. అప్పటికి సంవత్సరీకం కూడా అయిపోయింది. అన్నదమ్ముల మీద ఆమె పెద్దగా అరవలేదు. కొడుకు వైపు తిరిగి, "నువ్వు కూడా చెప్పలేదేంట్రా?" అంది. ఆ పిల్లాడు ఆ సాయంత్రం ఇంటికి రాకపోతే వెతికి పట్టుకొచ్చారు. కంగారు పడుతుందని ఒకరికి దాచబోయి ఇంకో పసివాడి చేత ఏడాది పాటు అబద్ధం ఆడించారు.

మన పెద్దవాళ్లు చావు కబురు ఆలస్యంగా చేరుతుందని ఎరుగుదురు. దూరాన ఉన్నవాడికి కబురు అందిన రోజున ఏం చెయ్యాలి, స్నానం ఎప్పుడు, మైల ఎన్నాళ్లు అని లెక్కలు పెట్టారు. ఆ మైల పట్టింపులు ఉండాలా వద్దా అన్నది వేరే సంగతి. కబురే అందకుండా చెయ్యమని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఇక మా ఇంటి సంగతి. చిన్నవాడికి పబ్లిక్ పరీక్షలు మూడు వారాలున్నాయనగా మా మామగారు పోయారు. తెల్లవారుజామున నేను హాస్టల్‌కి ఫోన్ చేస్తే అక్కడి పెద్దమనిషి, "మేడమ్, ఇప్పుడు చెబితే డిస్టర్బ్ అవుతాడు. పరీక్షలయ్యాక మెల్లగా చెప్పండి" అన్నాడు. మా బావగారిదీ అదే మాట. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే కాబోలు. విజయవాడలో ఉన్న మా తమ్ముణ్ణి పంపి, గేటు దగ్గర నేనే ఫోన్‌లో వాడితో మాట్లాడి చెప్పాను. మధ్యాహ్నానికి కారులో వచ్చాడు. పాడె ఒక కొమ్ము పట్టుకున్నాడు. చిన్నకర్మ అయ్యాక వెనక్కి వెళ్లి పరీక్షలు రాశాడు. మార్కులు ఎలా వచ్చాయని అడుగుతారు. ఫిజిక్స్‌లో తగ్గాయి. తగ్గితే ఏం? పరీక్షకి సప్లిమెంటరీ ఉంటుంది.

వాడి గదిలో ఇంకో కుర్రాడున్నాడు. వాళ్ల నాన్నమ్మ పోయిన సంగతి ఇంట్లోవాళ్లు వేసవి సెలవుల్లో, వాడు గుమ్మంలోకి వచ్చాక చెప్పారు. ఆ కుర్రాడు ఇప్పుడు ఆదివారం హాస్టల్ ఫోన్ దొరికితే ఇంట్లో ఒక్కొక్కరినీ పేరు పేరునా లైన్‌లోకి రమ్మంటాడట. తాతయ్యని ఇవ్వండి, చెల్లిని ఇవ్వండి, నాన్న ఊళ్లో ఉన్నాడా, ఏదీ మాట్లాడమనండి. ఇచ్చే అయిదు నిమిషాలూ హాజరు పట్టీకే సరిపోతాయి. కంగారు తగ్గించారా, పెంచారా?

పైగా దాచడం ఇప్పుడు మన చేతుల్లో లేదు కూడా. మామగారు పోయిన రోజు పెద్దవాడికి ఫోన్ చేసి చెబుతుండగానే, మా మేనల్లుడు దండ వేసిన ఫొటో స్టేటస్‌లో పెట్టేశాడు. నేను ఇంకో పావుగంట తటపటాయించి ఉంటే, వాడు తాతయ్య పోయిన కబురు ఆఫీసులోనో కూరల కొట్టులోనో ఆ స్టేటస్ చూసి తెలుసుకునేవాడు.

మనలో కబుర్లకు కూడా వాటాలుంటాయి, గమనించారా? పొలం, బాకీ, సరిహద్దు తగాదా కొడుక్కి చెబుతాం. పెళ్లిళ్లు, సీమంతాలు, మోకాళ్ల నొప్పులు కూతురికి చెబుతాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయినా ఇవాళ్టికీ చాలామంది ఆడపిల్లలకు పుట్టింటి పొలం కబురు రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద, 'ఇక్కడో సంతకం పెట్టమ్మా' అన్నప్పుడే తెలుస్తుంది.

పెద్దవాడి చదువుకి తోట తాకట్టు పెట్టినప్పుడు అమ్మాయికీ అన్నీ చెప్పాను, కాగితాలు ఫొటో తీసి పంపాను. "ఆడపిల్లకెందుకమ్మా ఈ గొడవలు" అన్నారు మా బావగారు. కొడుకు కాగితాలు చూసి సరే అన్నాడు. కూతురు వడ్డీ ఎంత శాతం అని అడిగింది. తర్వాత ఒక రోజు సెలవు పెట్టి వచ్చి, వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని తిరిగి, లోనుని తక్కువ వడ్డీ ఉన్న బ్యాంకుకి మార్పించింది. ఆమెకు చెప్పకుండా ఉంటే ఆ ఎక్కువ వడ్డీ ఇప్పటికీ కడుతూ ఉండేవాళ్లం.

మనం చెబితేనే వాళ్లు మనకి చెబుతారు. కిందటేడు పెద్దవాడి ఉద్యోగం పోయింది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆలోగా ఇంకోటి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. వాడు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాడు. వాడు కట్టే లోను వాయిదా ఆ రెండు నెలలూ మా ఆయన కాయలమ్మి కట్టారు. గడువులోపలే ఇంకో ఉద్యోగం దొరికింది. మా ఊరివాళ్ల అబ్బాయే ఇంకొకడు అక్కడే ఉంటాడు. వాడికీ అదే సమయంలో ఉద్యోగం పోయింది. అమ్మానాన్న కంగారు పడతారని, రోజూ ఆఫీసుకి వెళ్తున్నట్టే మాట్లాడాడు. సరిగ్గా ఆ నెలల్లోనే వాళ్లిక్కడ మేడ మీద ఇంకో అంతస్తు మొదలుపెట్టారు, వాడి డబ్బు నమ్ముకుని. ఆ అంతస్తు ఇప్పటికీ ఇనుప చువ్వలతో అలాగే ఉంది. తండ్రికి గుండెలో స్టెంట్ వేసిన సంగతి ఆ తల్లి వాడికి రెండేళ్లు దాచింది. వాడు అదే నేర్చుకున్నాడు.

అన్నీ చెప్పమంటున్నానని తోడికోడలి మీద కోపం, కోడలి వంట మీద ఫిర్యాదు కూడా కొడుకు చెవిలో వెయ్యమని కాదు. అవి చాడీలు. అలాగే పిల్లలు నమ్మి చెప్పిన సంగతి పేరంటంలో పెట్టకూడదు. పెద్దవాడి ఉద్యోగం పోయిన సంగతి అది దొరికేదాకా మా అత్తగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నది కూడా వాణ్ణి అడిగే.

చెప్పే తీరు కూడా ఒకటుంది. 'నువ్వు కంగారు పడకు నాన్నా' అని మొదలుపెడితే అవతలివాడి గుండె అక్కడే జారుతుంది. ఏం జరిగింది, ఏ డాక్టరు చూశాడు, ఏమన్నాడు, ఎంత ఖర్చవుతుంది, డబ్బుందా లేదా వరసగా చెప్పాలి. ముఖ్యంగా, బయలుదేరి రావాలా అక్కర్లేదా అన్నది నిక్కచ్చిగా చెప్పాలి. దూరాన ఉన్నవాళ్లు ముందు అడగాలనుకునేదీ, అడగలేక ఊరుకునేదీ అదే.

హాస్టళ్లు నడిపేవారికి ఒక మాట. మా చిన్నవాడి ఉత్తరాలు ఆఫీసులో విప్పి చూసి ఇస్తున్నారట. పోస్టాఫీసులో మేం ఒకరి ఉత్తరం విప్పితే ఉద్యోగం పోతుంది. మీరు మాత్రం ఏ హక్కుతో విప్పుతున్నారు? అతికించిన ఉత్తరం అతికించినట్టే పిల్లాడి చేతికివ్వండి. ఇంట్లో మనిషి పోయారని ఫోన్ వస్తే, పరీక్షలు ఎన్ని రోజులున్నా, ఆ రోజే పిల్లాణ్ణి పిలిచి చెప్పి పంపండి. ఇంటర్ బోర్డు దీన్ని ఒక నిబంధనగా రాసి ప్రతి కాలేజీకీ పంపాలి.

తల్లులూ, బీరువాలో చీరల కింద దాచిన స్కాన్ రిపోర్టు ఏదైనా ఉంటే ఈ ఆదివారం తీసి పిల్లలకు చదివి వినిపించండి. కొడుక్కి చెప్పింది కూతురికీ చెప్పండి. ఫోన్ లేని హాస్టల్ పిల్లలకి ఉత్తరం రాయండి. ఇన్‌లాండ్ లెటర్ ఇప్పటికీ రూ.2.50 మాత్రమే.