బసగృహములపై అధికారము ఎవరిది?

హంపీ చూడవచ్చు యాత్రికులలో పెక్కురు తుంగభద్ర దాటి ఆనెగొంది, సాణాపుర పరిసరములలో బస చేయుచున్నారు. 1953లో జలాశయము పూర్తియైన పిమ్మట గోదావరి, కృష్ణా తీరముల నుండి వచ్చిన మనవారి క్యాంపులు గంగావతి తాలూకాలో వెలసినవి. వారిలో కొందరు వరిసాగు ఆదాయము చాలక, ఇంట ఒకటి రెండు గదులు దినబాడుగకు ఇచ్చుచుండుట మేమెరుగుదుము.

ఇందులకు అనుమతి ఎవరియ్యవలెను? పంచాయతీ పన్ను గైకొని రసీదిచ్చును. పర్యాటకశాఖ వేరుగ నమోదు కోరును. 2002 నాటి ప్రత్యేక చట్టముచే హంపీ వారసత్వ ప్రదేశమునకై ఏర్పడిన ప్రాధికారము కట్టడముల విషయమున తన మాట తాను చెప్పును. విదేశీయుడు దిగినచో 24 గంటలలో ప్రభుత్వమునకు తెలుపవలెను. ఒక గదికి ఇందరు పెద్దలు! ఒకరి రసీదును మరియొకరు మన్నింతురను భరోసా మాత్రము లేదు.

విరూపాపుర గడ్డ ఉదంతము మన కన్నుల యెదుటిదే. అచ్చటి వసతిగృహముల తొలగింపును సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 11న సమర్థించెను. మార్చిలో అవి నేలమట్టమైనవి. ఆ తీర్పును మేము తప్పుపట్టము. చరిత్రభూమిని కాపాడవలసినదే. కాని మొదటి గుడిసె వేసిననాడే గట్టిగ ఆపియున్నచో ఇన్ని కుటుంబముల జీవనము ఒక్క దినమున కూలియుండెడిది కాదు గదా!

సర్వాధికారము పంచాయతీకే ఉండవలెనని కొందరు మిత్రులు వాదించుచున్నారు. మేము పూర్తిగ అంగీకరింపజాలము. సభ్యుడును, వసతిగృహ యజమానియు బావమరదులైనచో తనిఖీ ఎవరు చేయుదురు? 2025 మార్చిలో సాణాపుర కాలువ చెంత యాత్రికుల మీదను, వారికి ఆతిథ్యమిచ్చిన మహిళ మీదను ఘోరము జరిగినది. ఒక యాత్రికుడు ప్రాణము కోల్పోయెను. ఇట్టి భద్రతను గ్రామపు మొగమాటమునకు విడువరాదు. అట్లని ఏ సందున దీపము లేదో బెంగుళూరు కచేరీకి తెలియునా? అదియు తెలియదు.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 విషయములను ఉద్దేశించినది. వసతిగృహములు వానిలో లేవు. ఆ 29లోనైనను శాసనసభ ఇచ్చినంతయే అధికారము. కావున రాష్ట్రమునే అడుగవలెను.

మా అభిప్రాయమిది. అగ్నిభద్రత, పారిశుధ్యము, అతిథుల నమోదు, వీనికి కనీస నియమములు రాష్ట్రము చేయవలెను. పరిశీలన, అనుమతి, రుసుము పంచాయతీకి విడువవలెను. దరఖాస్తు ఒక్కటే ఉండవలెను. ఎచ్చట కట్టరాదో తెలుపు పటము ప్రతి గ్రామచావడిలో వ్రేలాడవలెను. రెండు గదుల ఇంటిని, ముప్పది గదుల రిసార్టును ఒకే తక్కెడలో తూచరాదు.

ఇక మన ధర్మము. నమోదు లేక గదులిచ్చువారు వెంటనే నమోదు చేసికొనవలెను. కన్నడమున వెలువడు నియమములను చదువలేని పెద్దలకు వానిని తెలిగించి వినిపించుట మన యువకుల పని. రాజ్యభాషయైన కన్నడముననే విన్నపము వ్రాసి, ఇరుగుపొరుగు కన్నడ సోదరుల సంతకములతో సహా సమర్పింతము. ఇది తెలుగువారి కోరిక మాత్రమే కాదు, ఊరి కోరిక.