అసైనీ లేని నాలా, ఫారంలో ట్రౌటు

మొన్నొక ఆదివారం అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో పాత రూమ్మేటుతో చాయ్ తాగుతుంటే చేపల మాటొచ్చింది. "రెయిన్‌బో ట్రౌటు మన దగ్గరే పెంచుతున్నార్రా!" అన్నాడు. నిజమే. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో పెట్టిన ఫారాన్ని 2026 జనవరిలో కేంద్ర మత్స్యశాఖ మంత్రి ప్రారంభించారు. కాశ్మీరు, హిమాచల్ వాగుల్లో బతికే చేప, మన ఎండల్లో! "ఇంక ట్రౌటు కోసం కొలరాడో పోనక్కర్లేదు" అని తేల్చేశాడు మావాడు.

ఇక్కడే నాకు పేచీ.

డెన్వర్‌లో ఆన్‌సైట్ ఉన్నప్పుడు ఓ కొలీగు నన్ను సౌత్ ప్లాట్ నదికి తీసుకెళ్ళాడు. పైన చీస్‌మన్ డ్యాము. రిజర్వాయరు అడుగునుంచి వదిలే నీళ్ళు కాబట్టి ఎండాకాలంలోనూ జివ్వుమంటాయి. డెన్వర్ జనం తాగేది కూడా ఆ నీళ్ళే. చిన్నప్పుడు పంటకాలవలో వానపాము గుచ్చి గాలం వేసిన వాణ్ణి, ఇక్కడేమో ఈకలూ దారంతో చుట్టిన ఉత్తుత్తి పురుగు! నాలుగు గంటలు నీళ్ళలో నిలబడితే ఒక్కటే పడింది, అదీ ఆయనకి. చెయ్యి తడుపుకుని పట్టుకుని, కొక్కెం తీసి, కాసేపు నీళ్ళలోనే ఊపిరి తీసుకోనిచ్చి వదిలేశాడు. ఇంత కష్టపడి వదిలెయ్యడమేంట్రా బాబూ అనుకున్నా :)

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. ఆగస్టులో మళ్ళీ వేరే నదికి వెళ్దామనుకుంటే, నీళ్ళు వేడెక్కాయని ఆయనే మానేశాడు. పది డిగ్రీల నీళ్ళలో లీటరుకి 11 మిల్లీగ్రాములదాకా ఆక్సిజన్ ఇముడుతుంది, ముప్ఫై డిగ్రీలకొచ్చేసరికి ఏడున్నర. ఇరవై దాటితేనే ట్రౌటుకి కష్టం, పట్టి వదిలినా చచ్చిపోవచ్చు. మోంటానాలోనైతే వరసగా మూడు రోజులు నీళ్ళు 73 ఫారెన్‌హీట్ తాకితే, మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా గాలం వెయ్యకుండా ఆంక్ష పెడతారు. గాలానికి లైసెన్సు, సామానుకి పన్ను. ఆ పన్ను డబ్బు చేపల సంరక్షణకే వెళ్ళాలని 1950లోనే చట్టం చేసుకున్నారు. అంటే అక్కడ నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కితే అడిగేవాళ్ళు ఒడ్డునే ఉన్నారన్నమాట.

ఇంక మన సంగతి. కందుకూరు ఫారం మీద నాకేం కోపం లేదు, ఇంజినీరుగా ముచ్చటే. నీళ్ళని వడకట్టి, చేపలు వదిలిన అమ్మోనియాని బ్యాక్టీరియాతో నైట్రేటుగా మార్చి, ఆక్సిజన్ కలిపి, చల్లబరిచి, మళ్ళీ అవే నీళ్ళు వాడతారు. మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో పనిచేసేదీ ఆ రకం బ్యాక్టీరియానే. మరి అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వెళ్తే తగిలే కూకట్‌పల్లి నాలా సంగతేంటి? పంజగుట్ట నాలా సంగతేంటి? రెండూ పోయి కలిసేది హుస్సేన్‌సాగర్‌లోనే. "టెక్నాలజీ లేదండీ" అనే సాకు ఇంక చెల్లదు. ట్రౌటు చస్తే ఫారం ఓనరుకి నష్టం కాబట్టి అక్కడ రాత్రీ పగలూ కొలుస్తారు. నాలాకి ఓనరెవరు? మన భాషలో చెప్పాలంటే, అసైనీ లేని బగ్. ఎన్ని రిలీజులైనా అలాగే ఓపెన్‌గా ఉంటుంది.

నాలాలో ట్రౌటు వేస్తావా అని వెక్కిరించకండి. ఎంత శుభ్రం చేసినా మన వేడికి అది బతకదు. మన చేప కొరమీను. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు కూడా. దాని ప్రత్యేకత తెలుసు కదా, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. ట్రౌటు చచ్చి అలర్ట్ ఇస్తుంది, కొరమీను సర్దుకుపోతుంది. మనమూ అంతే. వాసనొస్తే కారు అద్దాలెత్తుతాం, ఇంట్లో ఆర్.ఓ. పెట్టించుకుంటాం, ఆఫీసుకెళ్తే ఎలాగూ ఏసీ. ఇప్పుడు ఆ వరసలో ట్రౌటు కూడా చేరింది. బయట ఎలా ఉన్నా, గది లోపల మాత్రం అంతా బాగుండాలి!

ట్రౌటు తినడం వేరు, ట్రౌటు కోసం నదిలో నిలబడటం వేరు. మొదటిదానికి డబ్బు చాలు. రెండోదానికి నది బాగుండాలి, అది బాగుండాలని కోరుకునే నలుగురు కావాలి. గాలం వేసేవాళ్ళో, ఈదేవాళ్ళో, ఊరికే కూర్చునేవాళ్ళో... ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలి కదా.

ఆ రోజు తిరిగొస్తూ బేగంపేట దగ్గర నాలా వంతెన మీద బండి ఆపా, మావాడికి చూపిద్దామని. "ఇక్కడ ఆపావేంట్రా, కంపు! పోనీ, పోనీ" అన్నాడు కర్చీఫు అడ్డం పెట్టుకుని. నేను కూడా పోనిచ్చా.

మీ ఇంటి దగ్గర నాలా పేరేంటో, అది ఎక్కడికి పోతుందో మీకు తెలుసా? నాకైతే మొన్నటిదాకా తెలీదు.