తీరిక లేకపోవడం బద్ధకం కాదు

నడివయసు తల్లుల ఆరోగ్యం గురించి ఆదివారం అనుబంధాల్లో వచ్చే వ్యాసాలన్నిటిదీ ఒకటే మాట: మనసుంటే మార్గముంటుంది, ఓ గంట ముందు లేవండి, నడవండి. ఈ సలహాతోనే నాకు పేచీ. ఆ గంట ఎవరి నిద్రలోంచి కోసుకోవాలి?

2024 జాతీయ కాల వినియోగ సర్వే లెక్కలు చూడండి. ఇంటి చాకిరీ చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. తేడా 201 నిమిషాలు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే మన వారం వ్యాయామానికి సరిపడే కాలం ఒక్కరోజు తేడాలోనే హరించుకుపోతోంది. దీన్ని మన సంకల్పబలానికి పరీక్షగా మార్చడం ఎంత తెలివైన మోసం!

మా కలిదిండి వైపు ఈ మోసానికి ఇంకో రూపం ఉంది. చేపల, రొయ్యల చెరువుల మీద బతికే ఈ పల్లెల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళ గురించి "వాళ్ళకెందుకండీ వ్యాయామం, ఒళ్ళొంచి పనిచేస్తున్నారుగా!" అంటారు పెద్దమనుషులు. గంటల తరబడి వంగి చేసే పని నడుముని అరగదీస్తుంది గానీ బలపరచదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. వాళ్ళకి ముందు కావలసింది తిండి, విశ్రాంతి. ఆపైన, తమకోసం తాము నడిచే హక్కు.

చదువుకున్నామెది బద్ధకమనీ, కూలికెళ్ళే ఆమెకి అవసరమే లేదనీ చెప్పే ఈ రెండు మాటల ఫలితం ఒక్కటే: ఇంట్లో మగవాడు కుర్చీలోంచి లేవక్కర్లేదు. మనకి ప్రేరణ సూక్తులు వద్దు. పొద్దున్నే పిల్లల్ని తయారుచేసే పని, క్యారేజీలు కట్టే పని అతని వంతుకి రావాలి. వ్యాయామం గురించిన చర్చ అక్కడ మొదలవ్వాలి.