ఇంధన పొదుపు ఎవరి పద్దున?

లీటరుకు ఇన్ని కిలోమీటర్లు నడవవలసిన బండి అంత దూరం ఎందుకు నడవలేదని డ్రైవరును సంజాయిషీ అడగడం రవాణా విభాగాలలో పాత ఆనవాయితీ. లాగ్ బుక్కులో చివరి గడి చూచి, సగటు తీసి, ఎర్ర సిరాతో గీత గీయడం సులభం. ఆ డీజిలు ఏ దారిన పోయినదో బండి పనితీరును బట్టి తేల్చడం కష్టం. సులభమైన పని పై అధికారులది, కష్టమైన పని ఎవరిదీ కానిది.

పొదుపును మేము వ్యతిరేకించడం లేదు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా దిగుమతి చేసుకొన్నదే. ఆ భారం చివరకు పడేది శ్రామికుని సంసారం మీదనే. కాగా, పొదుపు ఎక్కడ సాధ్యమో, ఏ మార్పుతో సాధ్యమో ముందు తెలిసికొనవలసి వున్నది.

బండికి మార్పులు చేసి ఇంధనం మిగిల్చవచ్చుననడం వట్టి మాట కాదు. 1973లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, నాసా వారి డ్రైడెన్ కేంద్రంలో పనిచేసే ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు సైకిలు మీద పోతూ వుండగా, పెద్ద లారీలు దాటి వెళ్ళినప్పుడల్లా గాలి తనను ముందు పక్కకు నెట్టి, వెనువెంటనే లోపలికి లాగడం గమనించాడు. ఆ గాలిని తోసుకొనిపోవడానికే బండి ఎంతో ఇంధనం కాలుస్తున్నదని ఆయనకు తోచింది. ఒక పాత వ్యానుకు రేకులు బిగించి చెక్కపెట్టె ఆకారం తెచ్చి, పిదప అంచులను గుండ్రంగా మలచి ఆయన బృందం పరీక్షించింది. నిలువు అంచులను మలచినంతనే గాలి నిరోధం 40 శాతం తగ్గింది. అడ్డ అంచులను కూడా మలచగా 54 శాతం తగ్గింది. అందుకు కోల్పోయిన సరుకు చోటు 3 శాతం మాత్రమే.

పికప్ బండ్ల విషయం కూడ ఇట్టిదే. వెనుక తలుపు దించి నడిపితే గాలి సాఫీగా పోయి డీజిలు మిగులుతుందని చాలామంది నమ్మకం. పరీక్షలు అందుకు విరుద్ధంగా చెప్పినవి. తలుపు మూసివుంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ నిలిచిపోతుంది, పైగాలి దాని మీదుగా జారిపోతుంది. తొట్టిపై మూత బిగించడం, వాడని క్యారియరు తీసివేయడం, టైర్లలో గాలి సరిగా వుంచడం వంటివి నిజంగా పనిచేసే మార్పులు. ఇంధన గొట్టానికి అయస్కాంతం తగిలిస్తే మైలేజి పెరుగుతుందని అమ్మజూపే సరుకు సంగతి వేరు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నూరుకు పైగా ఇట్టి పరికరాలను పరీక్షించి, చెప్పుకొనదగిన మేలు చేసినది దాదాపు లేదని తేల్చింది.

అయితే గాలి నిరోధం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది ప్రధాన శత్రువు. వీధి వీధికి ఆగే తపాలా బండికి అది లెక్కలోకి రాదు. అక్కడ ఇంధనాన్ని తినేవి మూడు: బరువు, బ్రేకు, నిలిచివున్నప్పుడు వృథాగా తిరిగే ఇంజను. కూడగట్టిన వేగమంతా ప్రతి ఆగుదలలోను బ్రేకుల వద్ద వేడిగా మారి పోతుంది. డ్రైవరు ఎంత నేర్పరియైనా ఆగవలసిన చోట ఆగక తప్పదు గదా!

ఇందుకు మంచి ఉదాహరణ అమెరికా తపాలా శాఖ వాహనమే. 1987 నుండి 1994 వరకు తయారైన ఆ బండికి చట్రం షెవ్రొలే ఎస్-10ది, పై తొడుగు గ్రుమ్మన్ సంస్థ చేసిన అల్యూమినియంది. తేలిక రేకు, చిన్న ఇంజను – కాగితం మీద పొదుపరి. అయినను, ఆ శాఖ వాహన శ్రేణికి దక్కినది గ్యాలనుకు 8.2 మైళ్ళు, అనగా లీటరుకు మూడున్నర కిలోమీటర్లు. ఏ డ్రైవరు నిర్లక్ష్యం దీనికి కారణం?

ఆ బండిలో చల్లదన యంత్రం లేదు. వేసవిలో అల్యూమినియం పెట్టె కొలిమి అవుతుంది. 2018 వేసవిలో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో ఒక తపాలా ఉద్యోగిని తన బండిలోనే వడదెబ్బకు ప్రాణం విడిచింది. ఆ తరువాత తలపెట్టిన కొత్త పెట్రోలు వాహనానికి శాఖ లెక్క ఇది: చల్లదన యంత్రం ఆపివుంటే గ్యాలనుకు 14.7 మైళ్ళు, నడిస్తే 8.6. పాతదాని కంటె 0.4 మైలు మాత్రమే మెరుగని పర్యావరణ సంస్థ 2022 ఫిబ్రవరిలో ఆక్షేపించింది. ఇంజను విషయంలో ఆ ఆక్షేపణ న్యాయమే. కాని 8.6, 14.7 అనే రెండు అంకెలను ప్రక్క ప్రక్కన చూచిన ఏ ఖర్చుల అధికారికైనా మీట ఆపించాలనే ఆలోచన రాక మానదు. మా అభ్యంతరమంతా అక్కడనే. ఆ తేడా యంత్రం మిగిల్చినది కాదు, మనిషి చెమటతో చెల్లించినది. చివరకు ఆ శాఖ 2022 డిసెంబరులో, 2028 నాటికి 66,000 విద్యుత్ వాహనాలు తీసుకొంటామని ప్రకటించింది. బ్రేకులో పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేర్చే వాహనమే ఆగి ఆగి నడిచే పనికి తగినది.

రైల్వే సోదరులకు ఇది కొత్త పాఠం కాదు. యార్డులో నిలిచిన డీజిలు ఇంజనును ఆపితే బ్రేకు గాలి పడిపోతుంది, బ్యాటరీ దిగుతుంది. కనుక సిబ్బంది ఇంజనును నడిపే వుంచేవారు. గంటకు సుమారు 25 లీటర్లు ఖర్చు. మెమోలతో అది తగ్గలేదు. 25 అశ్వశక్తి గల చిన్న సహాయక ఇంజనును అమర్చగా, అదే అవసరం గంటకు సుమారు 3 లీటర్లతో తీరింది. తప్పు మనిషిలో వెదకక యంత్రంలో వెదకినందువలన వచ్చిన ఫలితమిది.

డ్రైవరు చేతిలో ఏమీ లేదని మేము అనము. అనవసరంగా యాక్సిలరేటరు తొక్కడం, గాలి తగ్గిన టైర్లతో బండి తీయడం, టీ తాగేంతసేపు ఇంజను ఆపకపోవడం మనలో వున్న దురలవాట్లే. వాటిని యూనియను శాఖలే సరిదిద్దుకొనవలసి వున్నది. కాని గాలి కొట్టే యంత్రం పాడై మూలపడిన డిపోలో టైరు గురించి సంజాయిషీ ఎవరు చెప్పాలి?

మేము కోరేది స్వల్పం. లాగ్ బుక్కులో కిలోమీటర్లు, లీటర్ల ప్రక్కన మరి నాలుగు గడులు చేర్చాలి: ట్రిప్పులో ఆగిన చోట్ల సంఖ్య, ఇంజను నిలిచి తిరిగిన నిముషాలు, ఎత్తిన సంచుల బరువు, చివరిసారి టైర్లలో గాలి చూచిన తేదీ. ఈ వివరాలు లేకుండ తీసిన సగటు ఆధారంగా జీతం నుండి రికవరీకి సంజాయిషీ కోరితే, సభ్యులు జవాబు వ్రాయక ముందు ఆ నోటీసు ప్రతిని శాఖా కార్యదర్శికి అందజేయవలెను.