డిక్కీ సంగతి మనల్నెవరడిగారు?

కారు కొనడానికి భార్యాభర్తలిద్దరూ షోరూమ్‌కి వెళ్తే ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఇంజన్ గురించీ, మైలేజీ గురించీ, బ్యాంకు లోను గురించీ అన్నీ ‘సార్’కి చెబుతారు. అంతా అయ్యాక మన వైపు తిరిగి, “మేడమ్, ఏ రంగు తీసుకుందాం?” అంటారు. పెద్ద గౌరవమే చేసినట్టు! ఆ కారులో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎవరు సర్దాలి అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ పని ఎలాగూ మనదే కాబట్టి మన తంటాలేవో మనం పడతాంలే అని కాబోలు.

మనల్ని అడక్కపోవడం వల్ల కూడా ఈ దేశంలో ఒక మంచి రకం కారు నిలబడలేకపోయిందని నేనంటాను. అదే స్టేషన్ వ్యాగన్.

కృష్ణా పుష్కరాలు వచ్చిన 2004లోనే టాటా వాళ్ళ ఇండిగో మెరీనా షోరూముల్లోకి వచ్చింది. ముందు సగం చూస్తే అచ్చం ఇండిగోయే. వెనక మాత్రం పైకప్పు చివరిదాకా సాగి, అక్కడ నిటారుగా దిగేది. వెనక తలుపు అద్దంతో సహా మొత్తంగా పైకి లేచేది. వెనక సీటు మడిచామంటే లోపల చిన్న గది అంత జాగా. పొడుగు చూస్తే నాలుగు మీటర్ల పైన కాస్త, అంతే. పెద్ద బండేమీ కాదు, మన సందుల్లో తిరిగే బండే. అంతకుముందు 1992లో అదే కంపెనీ ఎస్టేట్ అని ఒకటి తెచ్చింది గానీ అది భారీ డీజిల్ బండి. ఆ తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్ వచ్చాయి. అన్నీ వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయాయి. మెరీనా కూడా కొన్నేళ్ళకే కనుమరుగైంది.

ఎందుకు నచ్చలేదట? “అంబులెన్స్‌లా ఉంది” అని! మారుతి ఓమ్నీలను అంబులెన్సులుగా చూసి చూసి, వెనక నిటారుగా ఉన్న ఏ బండి కనిపించినా మనవాళ్ళకి అదే మాట. కారంటే వెనక వేరే పెట్టెలా డిక్కీ పొడుచుకొచ్చి ఉండాలి, అప్పుడే నలుగురిలో హోదా. ఆ హోదా డిక్కీ మూత తెరిచి చూడండి. రెండు సూట్‌కేసులు పడుకోబెడితే మూడోది నిలబెట్టడానికి వీల్లేదు.

మన ఇళ్ళల్లో కార్లు మోసేవేమిటో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బా, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ. జాడీ నిలబడే ఉండాలి, ఒరిగిందా నూనె కారి బట్టలన్నీ పాడు. పసిబిడ్డ ఉంటే ఉయ్యాల బండి, పెద్దవాళ్ళుంటే చక్రాల కుర్చీ. ‘మా వారు ఎక్కిస్తారండీ’ అంటారా? ఎక్కిస్తారు, కాదనను. ఏది అడుగున పెడితే పగులుతుందో, దారిలో ఏది ముందుగా చేతికి అందాలో మాత్రం మనల్నే అడుగుతారు. అలాంటప్పుడు ఆ డిక్కీ ఎలా ఉండాలో కొనేముందే అడగొచ్చు కదా?

అడిగితే ఏం చెబుతారో చూపించిన సంగతి ఒకటుంది. అదే 2004లో జెనీవా కార్ల ప్రదర్శనలో వోల్వో కంపెనీ ఒక నమూనా కారు పెట్టింది. దాన్ని తయారుచేసిన బృందానికి సారథులంతా ఆడవాళ్ళే. వెనక సీట్లు సినిమా హాల్లో కుర్చీల్లా పైకి మడిచి ఉండేవి. మనుషులు కూర్చుంటే కిందికి దించుకోవడం, లేకపోతే ఆ జాగా అంతా సామానుకే. తల ఆనించుకునే చోట జడ నలగకుండా గాడి కూడా పెట్టారు! ఆ కారు అమ్మకానికి రాలేదనుకోండి.

మన దగ్గర వ్యాగన్ నిలవకపోవడానికి సర్కారు వారి గీత కూడా ఒక కారణం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే నాలుగు మీటర్ల లోపు ఉండాలి, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. కాస్త పొడుగ్గా ఉన్న మెరీనా ఆ గీతకి అవతల పడింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు కూడా గీత కదల్లేదు. లోపలున్న కారుకి 18 శాతం, బయటున్నదానికి 40 శాతం. సరే, ధర తగ్గితే మనకీ సంతోషమే. కానీ బండి పొడుగు తగ్గించాల్సి వచ్చినప్పుడు కత్తెర ఎక్కడ పడిందో చూడండి. మారుతి డిజైర్ 2008లో వచ్చినప్పుడు డిక్కీ 440 లీటర్లు. 2012లో నాలుగు మీటర్ల లోపుకి కుదిస్తే 316 లీటర్లయింది. 124 లీటర్లు ఎగిరిపోయాయి, మన సామాను మాత్రం అంతే ఉంది.

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. రైలు దిగినవాళ్ళనీ, వాళ్ళ పెట్టేబేడానీ స్టేషన్ నుంచి ఇంటికి చేర్చే బండి కాబట్టి స్టేషన్ వ్యాగన్ అన్న పేరు అక్కడ పుట్టిందే. పట్నాల శివార్లలో కాపురాలు పెరిగాక అది పిల్లల తల్లుల బండి అయింది. తల్లుల బండి అనేసరికి మోజు తగ్గింది! 1980ల్లో మినీ వ్యాన్ వచ్చి దాని చోటు తీసుకుంది. అక్కడున్న మన అమ్మాయిల ఇళ్ళ ముందు ఒడిస్సీయో సియన్నాయో కనబడితే, అది ఆ వరసలోదే.

ఇప్పుడు మన షోరూముల నిండా ఎస్‌యూవీలే. చూడ్డానికి దర్జాగానే ఉంటాయి. చాలావాటికి డిక్కీ అంచే నడుమెత్తున ఉంటుంది. పాతిక కిలోల బస్తా అంత పైకి ఎత్తి లోపలికి దించాలి. నడుంనొప్పి ఉన్నవాళ్ళని అడగండి చెబుతారు. ఇక సీఎన్‌జీ బండ్ల సంగతి మరీ అన్యాయం. పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని కొంటాం, తీరా చూస్తే డిక్కీ నిండా సిలిండరే! 2023లో టాటా వాళ్ళు ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున అమర్చి, పైన 210 లీటర్ల జాగా మిగిల్చారు. అంటే మనసు పెడితే కుదురుతుందన్నమాటేగా?

అందుకని ఈసారి షోరూమ్‌కి ఉత్త చేతులతో వెళ్ళకండి. డిక్కీని లీటర్లలో చెబుతారు, మనమేమన్నా అందులో పాలు పోస్తామా? ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్ళండి. అది మీరే ఎత్తి పెట్టి, మీరే దించి చూడండి. వెనక సీటు ఒంటి చేత్తో మడవగలరేమో, పైకి లేచిన డిక్కీ తలుపు మళ్ళీ మూయడానికి మీకు అందుతుందో లేదో చూసుకోండి. వెనకంతా ఒకే గదిలా ఉండే బండి అయితే సామాను ముందుకి దూకకుండా వల ఇస్తారా అని అడగండి. సడన్ బ్రేకు పడితే చిన్న కుక్కరు కూడా పిల్లల తల మీదికి వచ్చేస్తుంది. అత్తగారికో నాన్నగారికో చక్రాల కుర్చీ ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్ళి, మడిచి పెట్టి చూడండి. అమ్మే అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రేపు ఆస్పత్రి గేటు దగ్గర ఆ కుర్చీని కారులోంచి దించేది అతను కాదు.