ఇంటి కబుర్లు: పాత బండికి కొత్త ముస్తాబు

మా ఇంట్లో నెల రోజులుగా ఒకే పంచాయితీ. మా నాయనగారు 1968లో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు పాతికేళ్లుగా షెడ్డులో దుమ్ము కొట్టుకొని పోతున్నది. దానిని బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించాలని ఇంటిల్లిపాదీ తీర్మానించాము. అంతవరకు అందరిదీ ఒకే మాట. ఏ రంగు, ఏ చక్రాలు, ఏ సీట్లు అనేసరికి ఎవరి దారి వారిదయింది.

హెరాల్డ్ మన చెన్నపట్నం బండే. 1961 నుండి ఇక్కడ తయారైంది. దాని రూపు గీసినవాడు ఇటలీ దేశస్థుడు మికెలొట్టి. బానెట్టూ ముందరి మడ్‌గార్డులూ కలిసి ఒక్కటిగా ముందుకు లేస్తాయి. ఛాసిస్ వేరు, పైతొడుగు వేరు. బోల్టులు విప్పి ఒక్కొక్క భాగాన్ని ఊడదీయవచ్చు. బాగుచేసేవారికి ఇంతకంటె సుళువు ఏముంటుంది?

మా అన్నగారి అబ్బాయికి మెరిసే ఎర్ర రంగు, అల్లాయ్ చక్రాలు, జపాను ఇంజను కావాలి. మా అన్నగారికేమో మర మరకూ పాతదే ఉండాలి. మధ్యవర్తులం మేము.

ఇంజను తగవును చట్టమే తీర్చింది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషనుకు యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజి గుర్తింపు పొందవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండరాదు. ఆ గుర్తింపు వస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కరాదు. మామూలు రిజిస్ట్రేషనులోనే ఉంచుకొన్నా, ఇంజను మార్చాలంటే ఆర్.టి.ఓ. అనుమతి తప్పదు. అబ్బాయి జపాను మాట మానుకొన్నాడు.

రంగు దగ్గర మరో చిక్కు. అది మీగడ రంగు బండి అని మాకందరికీ గుర్తు. డాష్‌బోర్డు కింద గీకి చూస్తే లేత నీలం బయటపడింది! పాత ఆర్.సి. పుస్తకంలోనూ నీలమే. నాయనగారు ఎప్పుడో రంగు మార్పించి, పుస్తకంలో వ్రాయించడం మరచినట్లున్నారు. ఇప్పుడు అసలు రంగేది? కంపెనీవాడు వేసినదా, మేము ఎక్కి తిరిగినదా?

తీర్పు చెప్పమని ఎనభై ఆరేళ్ల మా అమ్మగారిని అడిగాము. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు పట్టుకొని ఎక్కబోయి ఆగిపోయారు.

“రంగు మీ ఇష్టం నాయనా. ఎక్కి దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏదైనా ఆధారం పెట్టించండి. నన్ను కూచోబెట్టుకొని పోతారా లేదా?”

మాకు సిగ్గనిపించింది. నెల రోజులు కంటికి కనబడేదాని కోసమే తగవులాడాము గాని, మనిషి కూర్చోవడం సంగతి ఒక్కరమూ తలచలేదు. ఆనాడే జాబితా తిరగవ్రాశాము.

మొదటిది తుప్పు. బాడీ మీద అయస్కాంతం జరుపుకొంటూ పోతే, పట్టీ దట్టంగా మెత్తిన చోట పట్టు సడలుతుంది. రెండవది బ్రేకులు. పాత పద్ధతిలో నాలుగు చక్రాలకూ ఒకే నూనె దారి, ఒక్కచోట కారితే అన్నీ పోతాయి. రబ్బర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయించాము. మూడవది కరెంటు తీగలు. పైతొడుగు పెళుసుబారిన తీగలన్నీ తీయించి, ఫ్యూజులు చేర్పించాము. నాల్గవది సీటు బెల్టులు. వాటిని తుప్పు పట్టిన పలుచని రేకుకు బిగిస్తే ప్రయోజనం లేదు; కింద ఇనుప పలక వేసి బిగించాలి. అయిదవది అమ్మగారు పట్టుకొనే పిడి.

ఆ తరువాతనే సొగసులు. పుదుప్పేట పాత సామాను అంగళ్లలో తిరిగి తలుపు పిడులు, వెనుక దీపపు గాజులు సంపాదించాము. గుంటలు పడిన బంపర్లకు ముందు రాగి, తరువాత నికెలు, ఆపైన క్రోమియం పూత. పునాది సరిగా లేని మెరుపు నిలువదు.

పాత కాలపు సెల్యులోజు రంగు పాలిషుకొద్దీ మెరుస్తుంది, గీత పడితే అక్కడికక్కడే సరిచేయవచ్చు. గట్టిదనంలో ఇప్పటి రెండు పాళ్ల పి.యు. రంగుదే పైచేయి. అయితే దానిలో కలిపే హార్డెనరు ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకొంటే చాలదు, బయటి గాలి అందించే మాస్కు ఉండాలి. మా మేస్త్రికి అటువంటి మాస్కు లేదు. సెల్యులోజే వేయించాము. మన బండి మెరుపు కోసం మరొకరి ఊపిరి తీయనేల?

చివరకు రంగు మీగడదే. మేము ఎక్కి తిరిగినది అదే గదా! ఈసారి ఆర్.సి.లో మార్పు వ్రాయించాము. డాష్‌బోర్డు కింద జానెడు నీలం మాత్రం అట్లే ఉంచాము.

పాత బండి ఉన్న పాఠకులకు మా మనవి: రంగుల పుస్తకం తెరిచే ముందు, అందులో ఎవరు కూర్చుంటారో వారిని ఒకసారి ఎక్కించి చూడండి.